పట్టుకునే చేతులు

ధాత్రి ఎడమ పాదం జానెడు లోపలికి పడింది.

అది నేలను తాకకముందే పోలినాయుడు పసిగట్టాడు. పోల్‌వాల్ట్ నేర్పేవాడి కళ్ళు ఆకాశం వైపు ఉండవు, నేల మీదే ఉంటాయి. గడ పట్టుకుని పరుగెత్తుకొచ్చిన మనిషి దాని కొనను నేలలో పాతిన ఇనుప పెట్టెలో గుచ్చి పైకి లేస్తుంది. ఆ క్షణంలో లేచే పాదం, గడను పట్టిన పై చేతికి సరిగ్గా కింద ఉండాలి. బావిలోకి వదిలిన చేదతాడులా చేతికీ పాదానికీ మధ్య నిట్టనిలువు గీత పడాలి. పాదం పెట్టె వైపు జరిగిందా, గడ మనిషిని ఎత్తదు, ఈడుస్తుంది. సగం లేచి, అక్కడ ఆలోచనలో పడ్డట్టు ఆగి, వచ్చిన దారినే వెనక్కి వాలుతుంది. అప్పుడు మనిషి పడేది ముందున్న మెత్తటి పరుపు మీద కాదు, వెనకున్న గట్టి బాట మీద.

"వదిలేయ్! గడ వదిలేసి పరిగెట్టు!" అని అరిచాడు.

ధాత్రి వదల్లేదు. మెడ వెనక పూస వెచ్చగా ఉంది మరి.

గడ ఆగింది. ధాత్రి గాల్లో అడ్డంగా తిరిగి వెనక్కి వాలింది. పోలినాయుడు అప్పటికే పెట్టె పక్కనుంచి దూకాడు. కుడి భుజం ఆమె వీపు కిందకి చేర్చి, ఆ బరువునంతా పరుపు వైపు విసిరాడు. ఆమె పరుపు మీద పడింది. అతను ఇనుప పెట్టె అంచు మీద పడ్డాడు. భుజంలో పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడైంది.

"ఏటి మాస్టారూ, అలగ అరిస్తే నాకు ఊపు పోదేటి?" ధాత్రి పరుపు మీంచి లేస్తూ నవ్వింది. అతని మొహం చూశాక నవ్వు ఆపింది. "అయ్యో, మళ్ళీ తగిలిందా?"

"పాదం లోపలికి పడింది గుంటా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"పూస వెచ్చగానే ఉన్నాది కదండీ. చల్లబడితే నేనే ఆగిపోదును."

విజయనగరంలోనే కాదు, ఎక్కడైనా ఆ మాటే ఆఖరి మాట.

ముందెరుక వచ్చి ఒక తరం గడిచిపోయింది. మినపగింజంత పూస. పుట్టిన నెలలోపే మెడ వెనక చర్మం కింద పెడతారు. వేయబోయే అడుగు క్షేమమైతే వెచ్చబడుతుంది. కాకపోతే చల్లబడుతుంది, కాళ్ళు వాటంతటవే బరువెక్కి ఆగిపోతాయి. రోడ్డు దాటేవాళ్ళు అటూ ఇటూ చూడడం మానేశారు. మరిగే నూనె దగ్గరికి పాకే పసివాణ్ణి ఎవరూ కసరడం లేదు. తాపీవాళ్ళు పరంజా మీద పాటలు పాడుకుంటూ నడుస్తున్నారు. 'జాగ్రత్త' అనే మాట ముసలివాళ్ళ నోట మాత్రం మిగిలింది, అదీ అలవాటు కొద్దీ. పోలినాయుడికి మీసాలొచ్చాక పూస పడింది కాబట్టి అతను ఇంకా కళ్ళతో చూస్తాడు. అతని శిష్యులకు ఆ అవసరం లేదు. పెట్టె పక్కన మనిషి నిలబడనిదే పరుగుబాట గేటు తెరుచుకోదన్న పాత నియమం ఒకటి ఉండబట్టి అతని ఉద్యోగం మిగిలింది.

ఎముకల ఆసుపత్రిలో నర్సు తలెత్తకుండానే అడిగింది. "పడ్డారా, పట్టుకున్నారా?"

"పట్టుకున్నాను."

"అయితే ఇది ప్రమాదం కిందకి రాదు. స్వచ్ఛంద గాయం. అటు కూర్చోండి."

పడినవాళ్ళ బల్ల ఖాళీగా ఉంది. దాని మీద ఎవరో గొడుగు మరిచిపోయి వెళ్ళారు, ఆ గొడుగు మీద దుమ్ము కూడా పట్టింది. పట్టుకున్నవాళ్ళ వరుసలో మాత్రం కాలు పెట్టే సందు లేదు. మణికట్టుకి కట్టుతో ఉన్న బస్సు కండక్టరొకడు జరిగి చోటిచ్చాడు.

"రండి బాబూ, మన సంఘంలోకి. ఎవుర్ని పట్టినారేటి?"

"నా శిష్యురాల్ని."

"నా బస్సులో కుర్రోళ్ళు మెట్టు మీద నిలబడి యేలాడతారండీ. దిగండ్రా అంటే, పూస వెచ్చగున్నాది మావా, నీకేటి బాధ అంటారు. జారినోడ్ని జారినట్టే లోనకి లాగుతాను. ఆడికి గీత పడదు. నా మణికట్టే మళ్ళీ ఇరిగిపోనాది."

"మీకు నయమే అన్నా," అంది మెడకి పట్టీ వేసుకున్న ఓ తల్లి. "మా బుడ్డోడు డాబా గోడెక్కీసి దూకీసినాడు. ఏట్రా అంటే, పూస వెచ్చగున్నాదమ్మా అంతాడు. నేను కింద బట్టలు ఆరేస్తన్నాను మరి."

వరుసంతా నవ్వింది. పోలినాయుడు నవ్వలేదు. 'నేను కింద బట్టలు ఆరేస్తన్నాను మరి.' ఆ మాట భుజం నొప్పిని కూడా పక్కకి నెట్టి అతని బుర్రలో కూర్చుంది. చుట్టూ చూశాడు. కట్లు, పట్టీలు, ఊతకర్రలు. వీళ్ళలో ఒక్కరూ తమంతట తాము పడినవాళ్ళు కారు.

కట్టు ఆరీ ఆరకముందే ముందెరుక జిల్లా కార్యాలయానికి వెళ్ళాడు. అక్కడి అధికారిణి పేరు కౌముది. నెమ్మదస్తురాలు. కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, ధాత్రి దూకిన దృశ్యాన్ని గోడ మీద బొమ్మగా వేయించి రెండుసార్లు చూసింది.

"పూస తప్పు చెప్పలేదు మాస్టారూ. అమ్మాయికి దెబ్బ తగిలిందా?"

"లేదు."

"తగలదనే అది చెప్పింది."

"నేను పట్టుకోబట్టి తగల్లేదమ్మా!"

"మీరు పట్టుకుంటారని దానికి తెలుసు."

కౌముది గొంతు తగ్గించింది.

"అది ఒక్క మనిషి ఒంటినే చూడదండీ. చుట్టుపక్కల పూసలన్నిటినీ కలిపి లెక్క కడుతుంది. గాలివాటం, బాట మీద తడి, పరుపు మందం... వాటితో పాటు మీరు. ఇన్నేళ్ళలో మీరు ఒక్కరిని కూడా నేల మీద పడనివ్వలేదు. ఆ మైదానంలో పరుపు కంటే నమ్మకమైన వస్తువు మీరే."

"వస్తువా?"

ఆమె కళ్ళు దించుకుంది. "లెక్కలో అంతేనండీ."

"మరి నా పూస? ఇనుప అంచు మీదకి దూకుతుంటే నన్నెందుకు ఆపలేదు?"

"ఆపకూడదు. మొదట్లో ఆపేది. పడిపోతున్న బిడ్డ దగ్గరికి తల్లుల కాళ్ళు కదలకుండా చేసేది. తల్లులు వీధికెక్కారు. అప్పుడు చట్టం మార్చారు. పట్టుకోబోయే వాళ్ళ పూస మాట్లాడదు."

పోలినాయుడికి ఆ గొడవ గుర్తుంది. అతని భార్య పైడమ్మ కూడా ఆ ఊరేగింపులో నడిచింది. గెలిచామని ఆ రోజు వీధంతా పానకం పంచారు.

"నా భుజం పోయిందని చెప్పండి దానికి. ఇంక పట్టుకోలేనని చెప్పండి."

"దానికి తెలుసు మాస్టారూ. చెయ్యి లేవకపోతే ఒళ్ళు అడ్డం వేస్తారని కూడా తెలుసు. దూరంగా నిలబడితే పరిగెత్తుకొస్తారని తెలుసు."

"ఒకరోజు నేను అందుకోలేను. నా కాలు జారుతుంది, కళ్ళు తిరుగుతాయి. ఆ రోజు ఆ పిల్ల మెడ విరుగుతుంది. అది దీని లెక్కలో లేదా?"

కౌముది కాసేపు గోడ మీద బొమ్మ వైపే చూసింది. గాల్లో ధాత్రి, ఆమె కింద వంగిన ఒక ముసలి వీపు.

"ఉండే ఉంటుంది. చాలా చిన్న అంకె అయి ఉంటుంది. మీరెప్పుడూ తప్పలేదు కదా."

"మార్చడానికి దారే లేదా?"

"నేను మార్చలేను. మీరు మార్చగలరు. దగ్గరుండి, చేయగలిగి ఉండి, ఒక్కసారి పట్టుకోకుండా నిలబడాలి. నటన దానికి తెలిసిపోతుంది. అలవాటు ఎంత గట్టిదైతే, అది తప్పిన రోజు అంత గట్టిగా దాని మనసుకి పడుతుంది. ఆ తర్వాత మిమ్మల్ని లెక్కలోంచి తీసేస్తుంది." ఆమె ఆగింది. "తీసేశాక ఏమవుతుందో నాకూ తెలియదు. ఇంతవరకు ఆ పని ఎవరూ చేయలేదు."

అతను ఆ పని చేయకుండా బయటపడాలనే చూశాడు. మర్నాడు ధాత్రిని కూర్చోబెట్టి విషయమంతా చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, చివరికి తేలిగ్గా ఊపిరి వదిలింది.

"అంతేనా? అయితే మీరు పట్టుకుంటారుగా!"

"నేను పట్టుకోలేని రోజు?"

"ఆ రోజు అది చల్లబడతాది. పూసకి లేని బెంగ మీకేల మాస్టారూ?"

"సరే, పూస సంగతి వదిలేయ్. పరుగు మొదలెట్టే గుర్తుని ఒక బూటు వెనక్కి జరుపు. చేతులు ముందుగా లేపు, ఆఖరి అడుగు పొట్టిగా వెయ్యి. పాదం లోపలికి పడుతుందని నీకే అనిపిస్తే, గడ పక్కకి పడేసి పరుపు మీదకి పరిగెట్టిపో. నీ అంతట నువ్వు ఆగు."

ధాత్రి కనుబొమలు ముడిచింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. "ఎలగ ఆగుతారండీ?"

చూపించాడు. గడ లేకుండా పరుగెత్తించి, సున్నంతో గీసిన గీత దగ్గర ఆగమన్నాడు. ఆమె గీత దాటిపోయింది. మళ్ళీ దాటిపోయింది. మెదడు ఆగమంటుంటే కాళ్ళు చల్లదనం కోసం ఎదురుచూస్తున్నాయి. మొదట పకపకా నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. ఎండ ముదిరేవేళకు గీత అవతల మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడి, తన పాదాల వంక పరాయివాళ్ళవి అన్నట్టు చూసుకుంది.

రాష్ట్ర జట్టు ఎంపిక ఏడాది చివర ఉంది. ఆమె గడ మీద పట్టును పైపైకి జరుపుతూ పోతోంది. ఎత్తు పెరిగేకొద్దీ వెనక్కి పడే దెబ్బ కూడా పెరుగుతుందని చెప్పడానికి పోలినాయుడికి ఏ పూసా అక్కర్లేదు.

కట్టు విప్పిన రోజు మధ్యాహ్నం పైడమ్మ అతని భుజానికి కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాస్తూ అంతా వింది. ఆమె తక్కువ మాటల మనిషి. విని, నూనెచేయి కొంగుకి తుడుచుకుంది.

"పట్టుకోకు."

"ఏటే నువ్వనేది? కళ్ళ ముందు పడతంటే చూస్తా నిలబడమంటావా?"

"నిలబడు. ఇప్పుడు పడితే కాలో చెయ్యో ఇరుగుతాది, అతుకుతాది. నువ్వు అందనినాడు పడితే అతకడానికేటి ఉండదు. ఎవరి బిడ్డో మన చేతిలో పోతే నువ్వు బతకగలవేటి?"

"నా చేతులు ఊరుకోవు పైడమ్మా."

"కట్టీసుకో."

అతను కట్టుకోలేదు. కట్టుకుంటే చేయగలిగి ఉండీ ఆగినట్టు కాదు. తనకు చేతనైన తగ్గింపులన్నీ చేశాడు. ధాత్రి పట్టును ఎన్నడూ లేనంత కిందకి దించాడు, మెత్తటి గడ ఇచ్చాడు. పరుగుబాట చివర, ఇనుప పెట్టె చుట్టూ, దొరికిన చాపలూ పాత పరుపులూ తెచ్చి పరిచాడు.

"ఏటి మాస్టారూ, భోజనాలా?" ధాత్రి ఆటపట్టించింది. "అరిటాకులు కూడా ఎయ్యండి మరి."

"పరిగెట్టు," అన్నాడు.

ఆమె పరిగెత్తింది. తేలిగ్గా, నిర్భయంగా, మెడ వెనక వెచ్చగా. కొన కిందకి దిగింది. చేతులు ఆలస్యంగా లేచాయి. ఎడమ పాదం లోపలికి పడింది.

పోలినాయుడి చేతులు లేచాయి. అవి లేవడం అతనికి తెలిసింది. పరుపు పక్కనున్న కమ్మీ దొరికింది, దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. కాళ్ళు ముందుకి వెళ్ళాయి, చేతులు వాటిని వెనక్కి లాగాయి. గడ నిలిచింది. ధాత్రి గాల్లో తల తిప్పి అతని కోసం వెతికింది. ఆ ముఖంలో భయం లేదు. బజారులో చెప్పిన చోట మనిషి కనబడనప్పటి చిన్న చిరాకు మాత్రం ఉంది.

పడింది.

చాపలు ఉన్నా చీలమండ విరిగింది. ఆమె అరవలేదు. పడడం అంటే ఏమిటో ఆమెకి తెలియడం అదే మొదటిసారి. కాసేపు నోరు తెరిచి ఊపిరి కోసం చూసింది. అతను కమ్మీ వదిలి పరుగున వెళ్ళి పక్కన కూలబడ్డాడు.

"నువ్వు... మీరు ఇక్కడే ఉన్నారు," అంది.

"ఉన్నాను తల్లీ."

"చూస్తున్నారు."

"చూస్తున్నాను."

ఆమె అతని చెయ్యి తన మీదనుంచి తీసేసింది.

ఆసుపత్రిలో పడినవాళ్ళ బల్ల మీది గొడుగును నర్సు తీసి పక్కన పెట్టింది. ధాత్రి అక్కడ ఒంటరిగా కూర్చుంది. ఎదురు వరుసలోవాళ్ళు ఆమెను జాలిగా కాక, వింతగా చూశారు. పోలినాయుడు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. రెండు వరుసల్లోనూ అతనికి చోటు లేదు.

అనుకున్నది అనుకున్నట్టే జరిగింది.

కాలు అతుక్కుని ధాత్రి మళ్ళీ పరుగుబాట మీదకి వచ్చిన రోజు, పాదం లోపలికి పడబోతుండగా పూస చల్లబడింది. ఆమె కాళ్ళు బరువెక్కి, పెట్టెకు చాలా ముందే ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ చల్లబడింది. కోపంతో గడను నేలకేసి కొట్టింది. చివరికి తనే వెళ్ళి పరుగు మొదలెట్టే గుర్తును ఒక బూటు వెనక్కి జరుపుకుంది. చేతులు ముందుగా లేపింది. ఆఖరి అడుగు పొట్టిగా వేసింది. చేతికీ పాదానికీ మధ్య చేదతాడు గీత పడింది. గడ విల్లులా వంగి ఆమెను ఎత్తి, పరుపు నడిమధ్యన, ఎవరూ తాకకుండా పడుకోబెట్టింది.

మిగిలిన శిష్యులకీ అంతే. ఆ మైదానంలో ఇంక ఎవరూ వెనక్కి పడలేదు. పోలినాయుడు పెట్టె పక్కన చేతులు వేలాడేసుకుని నిలబడేవాడు. కౌముది స్వయంగా వచ్చి చూసి, జిల్లాలో ఇంత నిక్కచ్చిగా నడిచే పరుగుబాట ఇంకోటి లేదని మెచ్చుకుంది. ధాత్రి మాత్రం అతన్ని 'మాస్టారూ' అనడం మానేసింది. 'కోచ్‌గారూ' అని, చూపు పక్కకి పెట్టి, అవసరమైనంత మేరకే మాట్లాడేది. తాను చేసిన పనికి అదే కూలీ అనుకున్నాడు. పిల్ల మెడ నిలబడింది. అంతకంటే ఏం కావాలి?

రాష్ట్ర ఎంపిక పోటీలు చూడ్డానికి పైడమ్మ కూడా వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో, ఎవరో ఒకర్ని పట్టుకుంటూ, ముందే వచ్చి గ్యాలరీ పై వరుసలో కూర్చుంది. ధాత్రి తన ఎత్తును ఒక్కసారికే దాటింది. జట్టులో పేరు చదివారు. మైకు మోగుతుంటే పోలినాయుడు మెట్లెక్కి భార్య దగ్గరికి వెళ్ళాడు. ఎన్నో రోజుల తర్వాత అతని మొహంలో కాస్త వెలుగుంది.

"సూసినావా? పాదం ఎక్కడ పడిందో సూసినావా?"

"సూసినాను. పద, ఎండ దంచేస్తంది."

గ్యాలరీ మెట్లు నిటారుగా ఉన్నాయి. పోలినాయుడు ఒక మెట్టు కిందకి దిగి, ముప్పై ఏళ్ళుగా చాపిన చెయ్యే చాపాడు. పైడమ్మ కుడి కాలు ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది.

"ఏటే, మోకాలా?"

"కాదు." ఆమె మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చింది. "సల్లబడిపోనాది."

"నేను పట్టుకుంటాను కదా, దిగు."

"దిగుదామనే సూస్తన్నాను. కాలు రాదే!"

అతను చెయ్యి ఇంకా ముందుకి చాపాడు. పైడమ్మ ఆ చేతిని చూసింది, తర్వాత అతని మొహం చూసింది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. పూస అతన్ని లెక్కలోంచి తీసేసింది మైదానంలో మాత్రమే కాదు.

వెనక వరుసలో వేరుశెనగ పొట్లాలు అమ్మే కుర్రవాడు దిగబోతూ ఆగాడు. "ఏటి మామ్మా, దించాలా?" అంటూ బుట్ట చంకకి మార్చి మోచెయ్యి అందించాడు. పైడమ్మ ఆ మోచేతిని పట్టుకుంది. ఆమె కాలు తేలిగ్గా లేచింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు. కుర్రవాడు ఏదో హాస్యమాడాడు. ఆమె నవ్వలేదు, వెనక్కి తిరగనూ లేదు. తిరిగితే కాలు మళ్ళీ ఆగిపోతుందేమోనన్నట్టు బిగుసుకుని దిగిపోయింది.

పోలినాయుడు చెయ్యి చాపుకునే నిలబడ్డాడు. దిగుతున్న జనం అతని దగ్గరికి రాగానే, ఎందుకో తెలియకుండానే, అటు పక్కకి జరిగి దిగుతున్నారు. అతని చుట్టూ మెట్లు ఖాళీ అయ్యాయి. చివరికి అతనూ ఒక అడుగు వేశాడు. మెడ వెనక పూస హాయిగా వెచ్చబడింది.

అతనికి ఏ ప్రమాదమూ లేదు.